అపరాధ పరిశోధన నవలను నలుగురు గూడి చదువుట

అపరాధ పరిశోధన నవలలను జదువుట కాలహరణమని పెద్దలలో ననేకుల యభిప్రాయము. అట్లు చెప్పు పెద్దలలో గొందఱు తమ చిన్నతనమునందు కొమ్మూరి సాంబశివరావుగారి నవలలను లెక్కల పుస్తకము నడుమ దాచుకొని, డిటెక్టివు యుగంధరును, ఆయన సహాయకుడైన రాజును వెన్నంటి రాత్రులు గడపినవారే యని నే నెఱుగుదును. అద్దె పుస్తకముల దుకాణమునుండి తెచ్చిన పుస్తకమును మఱునాడు తిరిగి యీయవలెను గనుక, ఒక్క రాత్రిలో, ఒక్కరే, ఊపిరి బిగబట్టి చదువుట నాటి యాచారము. అందు సుఖము లేదని నేననను. కాని యట్లు చదివినవారికి మిగులునది కథాంత మొక్కటియే. దొంగ యెవరో తెలిసిన వెంటనే పుస్తకము మూతబడును. నడుమ తాము పడిన పొరపాటు లన్నియు మఱపున బడును. ఆ పొరపాటులను జూచుకొనుటకే యీ పుస్తకములను నలుగురు గూడి, మెల్లగా, ఆగి యాగి చదువవలెనని నా మనవి.

మొదట నొక చిన్న యుదాహరణము జెప్పెదను. అమెరికా దేశస్థుడైన ఎడ్గార్ ఆలన్ పో 1841వ సంవత్సరమున వ్రాసిన 'రూ మార్గ్ హత్యలు' అను కథ యీ జాతి కథలకు మొదటిదని సాధారణముగా నందురు. కథ జరుగునది పారిసు నగరమున. ఒక యింటిలోనుండి రెండు కంఠధ్వనులు వినబడెను. ఒకటి ఫ్రెంచివాని కంఠమని సాక్షు లందఱు నొప్పుకొనిరి. రెండవ కంఠమును గుఱించి యడుగగా, ఆంగ్లేయు డది జర్మనుభాష యనెను; అతనికి జర్మను రాదు. స్పెయినువాడది యింగ్లీషనెను, అతనికి నింగ్లీషు రాదు. ఇటలీవాడు రష్యాభాష యనెను. అతడు రష్యావానితో నెన్నడును మాటలాడి యెఱుగడు. ప్రతివాడును తనకు దెలియని భాషనే యచట విన్నాడు! ఒక్కడే చదువుకొను విద్యార్థి యీ సాక్ష్యములను గబగబ దాటిపోవును. ఆఱుగురు పిల్లలకు ఆఱు సాక్ష్యములను బంచి, ఒకరి తరువాత నొకరిని లేచి చదువుమన్నచో, మూడవ సాక్షి వచ్చునప్పటికే తరగతిలో నవ్వు పుట్టును. ఐదవ సాక్షి వచ్చునప్పటికి నవ్వాగి, ఆలోచన మొదలగును. తెలియని దానిని పరాయివానికి గట్టిపెట్టుట మనుష్యుని స్వభావమని యా పిల్లలకు వేఱుగా బోధింపనక్కఱలేదు.

ఇట్టి పఠనమునకు మేము గత సంవత్సరము ఎన్నుకొన్న గ్రంథము విల్కీ కాలిన్స్ వ్రాసిన 'ది మూన్‌స్టోన్', అనగా చంద్రకాంతము. పై తరగతుల విద్యార్థులు కొందఱును, నేనును, వారమున కొకసారి సాయంకాలము కూడి చదివితిమి. ఇంగ్లీషు మూలమును చదువుచు, కష్టమైన చోట్ల నేను తెనుగున వివరించుచుంటిని.

ఈ పుస్తకము మొదటినుండియు గూడి చదువుటకు బుట్టినదే. ఇది 1868వ సంవత్సరము జనవరి 4వ తేది మొదలు ఆగస్టు 8వ తేది వఱకు, 32 వారములు, చార్లెస్ డికెన్స్ నడపుచుండిన 'ఆల్ ది ఇయర్ రౌండ్' అను వారపత్రికలో కొంచెము కొంచెముగా వెలువడెను. తరువాతి భాగమును జదువుటకు ధనికుడైనను, సేవకుడైనను వారము దినములు వేచియుండవలసినదే. లండనులో బరువులు మోయు కూలీలును, పనిపిల్లవాండ్రును మూటలు వీపుననుండగనే మూల నిలిచి క్రొత్త సంచికను జదువుకొనెడివారనియు, మణి చివర కెచట దొరకునో యని పందెములు గూడ వేసికొనిరనియు, గ్రంథప్రకాశకుడైన టిన్‌స్లీ తన జ్ఞాపకములలో వ్రాసియున్నాడు. గ్రంథకర్త స్థితి మాత్రము దయనీయము. వ్రాయుచుండగనే తల్లి మరణించెను. తాను వాతరోగముచేత మంచము పట్టి, కొన్ని భాగములను పడుకొనియే చెప్పి వ్రాయించెను. చదువరులు వారమునకొకసారి ఎదురు చూచుచున్నారను తలంపే తన్ను నిలిపినదని పిమ్మట నాయన చెప్పుకొనెను.

కథలోని మణి మన దేశమునుండి పోయినది. 1799వ సంవత్సరము మే 4వ తేదిని శ్రీరంగపట్టణము ఇంగ్లీషువారి వశమై టిప్పు సుల్తాను మరణించుట చరిత్ర. ఆనాటి దోపిడిలో హెర్న్‌కాసిల్ అను సేనాధికారి, కావలివారిని జంపి, టిప్పు ఆయుధశాలలోని యొక పచ్చని వజ్రము నపహరించుట కాలిన్స్ కల్పన. ఆ వజ్రము పూర్వము సోమనాథమున చంద్రదేవుని విగ్రహమున నుండెననియు, దానిని తిరిగి తెచ్చుటకు ముగ్గురు బ్రాహ్మణులు తరతరములుగా వెంటనంటి యున్నారనియు కథ. ఇట్టి మణి నిజముగా లేదు. అయినను, కోహినూరును, రష్యా చక్రవర్తి రాజదండమందలి వజ్రమును మనస్సునందుంచుకొని తాను వ్రాసితినని గ్రంథకర్తయే పీఠికలో జెప్పినాడు. కోహినూరు మన కృష్ణానదీ తీరమందలి కొల్లూరు గనిలో దొరకినదని తరచుగా జెప్పుదురు. ఈ మాట వినగానే మా విద్యార్థు లందఱును నిటారుగా గూర్చుండిరి. వారికి మఱియొక సంగతి జూపితిని. కథ నడచునది 1848, 1849 సంవత్సరములలో. 1849లో పంజాబు రాజ్య మింగ్లీషువారి వశమయ్యెను; 1850లో కోహినూరు ఇంగ్లండు చేరెను. అనగా నీ కథలో మొదటి దొంగతనము యార్కుషైరులోని దొరసాని యింట జరిగినది కాదు; శ్రీరంగపట్టణమున జరిగినది. 1857వ సంవత్సరపు తిరుగుబాటు జరిగి పదునొకం డేండ్లయిన గాలేదు; ఇండియావారిపై నింగ్లండులో కోపము చల్లారలేదు. అట్టి కాలమున నీ మాటను నవల ముఖద్వారమునందే నిలిపిన గ్రంథకర్త ధైర్యమును మెచ్చుకొనవలెను.

ఇక కథ. హెర్న్‌కాసిల్ తన మేనకోడలైన రేచెల్ వెరిండరునకు ఆ వజ్రమును మరణశాసనమున వ్రాసియిచ్చెను. 1848వ సంవత్సరము జూను 21వ తేది బుధవారము, ఆమె పదునెనిమిదవ జన్మదినమున, అది యామె చేతికి వచ్చెను. ఆ రాత్రియే మాయమయ్యెను. ఆ సాయంకాలము ఇంద్రజాలికుల వేషమున ముగ్గురు భారతీయులు ఆ యింటి ముంగిటికి వచ్చియుండిరి. సీగ్రేవ్ అను పోలీసు సూపరింటెండెంటు మొదట వారినే యనుమానించెను. ఆ ముగ్గురును రాత్రి యంతయు ప్రక్క పట్టణమునందలి తమ బసలోనే యుండిరని ఋజువైనది. ఋజువైన పిమ్మటను వారిని విడిచిరా? లేదు, దేశదిమ్మరులను మిషతో వారము దినములు చెఱలో నుంచిరి. ఇచట ఆపి, "ఇది న్యాయమేనా?" యని నేనడుగలేదు. ఒక బాలిక యే యడిగెను.

పిమ్మట లండనునుండి సార్జెంటు కఫ్ వచ్చును. ఈయన సన్నని, బక్కపలుచని ముసలివాడు. దొంగలకంటె గులాబీ మొక్కల యందు మక్కువ యెక్కువ. రేచెల్ గది తలుపునకు క్రొత్తగా రంగు వేసియుండిరి. తాళపుకప్ప దిగువన ఆ రంగు కొంచెము చెఱగియుండెను. అది పనికత్తెల పావడల యంచు తగిలి చెఱగిన యల్పవిషయమని సూపరింటెండెంటు కొట్టివేసెను. అల్పవిషయమనునది తానింతవఱకు జూడలేదని కఫ్ బదులు చెప్పెను. అటుపిమ్మట జరిగినది వట్టి లెక్క. విద్యార్థులు పలకమీద వేయదగిన లెక్క.

బుధవారము పగలు 3 గంటలకు రంగు వేయుట ముగిసెను. ఆ రంగారుటకు 12 గంటలు పట్టును. కావున గురువారము తెల్లవారుజామున 3 గంటలకు ఆరెను. పనికత్తెలు మేడమీదికి గుంపుగా వచ్చినది గురువారము పగలు 11 గంటలకు. అనగా అప్పటికి రంగారి 8 గంటలైనది. ఆరిన రంగును పావడ చెఱుపజాలదు. బుధవారము రాత్రి 12 గంటల వేళ నొక పనికత్తె యా తలుపును జూచినప్పుడు రంగు చెక్కుచెదరక యుండెను. కనుక రంగు చెఱగినది రాత్రి 12 గంటలకును 3 గంటలకును నడుమ. ఆ సమయమున నా తలుపు దాటినవాని వస్త్రముపై రంగుమరక యుండవలెను. ఆ వస్త్రము దొరకిన దొంగ దొరకును.

ఈ లెక్కను నేను చెప్పక, పుస్తకమును మూయించి, విద్యార్థులచేతనే చేయించితిని. అరగంట పట్టినది. ఒకడు తప్పు కూడెను, ప్రక్కవాడు దిద్దెను. అరగంటలో వారు కఫ్ చేరిన చోటికి చేరి, పుస్తకము తెఱచి చూచుకొని, పొందిన యానందము ఇంతింతనరాదు.

అప్పుడు వారిచేత నొక పని చేయించితిని. నోటుపుస్తకమున ప్రతి పుటను నిలువుగా రెండు భాగములు చేసి, ఎడమవైపున 'చూచినది', కుడివైపున 'అనుకొన్నది' యని వ్రాయుమంటిని. రంగు చెఱగినది చూచినది. పనికత్తె పావడ తగిలినదనుట అనుకొన్నది. ఈ గ్రంథ మా పనికి మిక్కిలి యనుకూలము. ఏలయన, కథను జెప్పువాడొకడు గాడు. ఆ యింటి ముసలి దివాణుడైన బెటరెడ్జ్ కొంత చెప్పును, బంధువు రాలొకతె కొంత చెప్పును, వకీలు కొంత, వైద్యుని సహాయకు డొకడు కొంత. న్యాయస్థానమున సాక్షులవలె నెవరికి వారు తాము చూచినంత మట్టుకే చెప్పవలెనని నియమము. బెటరెడ్జ్ సజ్జనుడు, కష్టము వచ్చినప్పుడెల్ల 'రాబిన్సన్ క్రూసో'ను తెఱచి, కనబడిన వాక్యమునుండి యుపదేశము పొందువాడు. కాని యాయన చెప్పిన పుటలలో కుడివైపు భాగమే త్వరగా నిండెను. మంచివాడు చెప్పినదంతయు చూచినదే కానక్కఱలేదని మా వారు మెల్లగా గ్రహించిరి.

మొదటి భాగము సగముకంటె నెక్కువ ముగిసిన పిమ్మట, దొంగ యెవరని తోచునో చీటీమీద వ్రాసి, మడచి, ఒక డబ్బాలో వేయుడంటిని. నేనును వ్రాసి వేసితిని. డబ్బాను దెఱచి చూడగా, ఎక్కువ చీటీలలో ఒకటే పేరు: రోజన్నా స్పియర్మన్.

రోజన్నా యా యింట పనికత్తె. ఒక భుజ మెత్తుగానుండు నవిటిపిల్ల. పూర్వము దొంగతనము చేసి చెఱసాల కేగి, పశ్చాత్తాపపడి, యజమానురాలి దయవలన నీ కొలువు పొందినది. కథ మొదలైనది మొదలు ఆమె వింతగా ప్రవర్తించుచున్నది. అయిన దీనినంతయు ఎడమవైపున వ్రాసిన, ఆ రాత్రి ఆమె తలుపు దాటినదనుట కొక్క యక్షరము లేదు. మఱి యామె పేరేల వ్రాసితిరని యడుగగా, "ఆమె మునుపు దొంగ గదండీ" యని జవాబు. తరువాత నా చీటీని విప్పి చూపితిని. అందును ఆ పేరే యున్నది. నేనీ పుస్తకమును ఇదివఱకు చదువక పోలేదు. పదునాఱేండ్ల వయస్సున మొదటిసారి చదివినప్పుడు నాకు తోచిన పేరునే దాచక వ్రాసితిని.

ఆ పదునాఱేండ్ల వయస్సునాటి మాట మఱియొకటి యున్నది. చెప్పుటకు సంకోచించుచున్నాను, ఐనను చెప్పెదను. అప్పుడు నేనున్న వసతిగృహమున భోజనపు రుసుము సొమ్ము కొంత కనబడలేదు. వంటశాలలో నీళ్లు మోయు నొక కుఱ్ఱవాడుండెను. ఊరు పేరు సరిగా జెప్పనివాడు, ఎవరితోను మాటలాడనివాడు. మమ్ము నడిగినప్పుడు మేమైదుగురము వాని పేరే చెప్పితిమి. మాలో నొక్కడైనను వాడు తీయగా జూడలేదు. ఆ సాయంకాలమే వానిని పంపివేసిరి. నెల దినములకు, పద్దుపుస్తకమునకు వేసిన అట్ట మడతలో సొమ్ము దొరకినది. వానిని పిలిపింతమన్న, వాని యూరేదో యెవరికిని తెలియదు. ఊరు సరిగా జెప్పలేదని మేమనుకొంటిమి గాని, మాలో నెవ్వడును సరిగా నడిగియుండలేదు.

ఇది చెప్పిన తరువాతి వారము, రోజన్నా కథలోని పందొమ్మిదవ ప్రకరణమునకు వచ్చితిమి. ఆ యింటికి సమీపమున సముద్రపుటొడ్డున నొక ఊబినేల గలదు. ఆటుపోట్ల వేళ దాని ముఖము వణకును గనుక వణకెడి యిసుక యని దానికి పేరు. రోజన్నా అందులోనికి నడచిపోయెను. ఆమె దేహము గూడ దొరకలేదు. చదువుచున్న బాలిక కంఠము నిలిచిపోగా, మిగిలిన పుట నింకొకరు చదివిరి. "చచ్చిపోయినది గనుక తప్పు చేసినదే" యని యొక విద్యార్థి నెమ్మదిగా ననెను. "ఏ వైపున వ్రాయుదువు?" అని ప్రక్కనున్నవాడడిగెను. అతడు చాలసేపు ఆలోచించి, కుడివైపున వ్రాసెను.

ఇట్టి పఠనమున కథాంతమును ముందుగా జెప్పరాదని మా మొదటి నియమము. నేనీ వ్యాసమునను దొంగ పేరు జెప్పను. కాని నియమమును ఒక్క మారు దప్పెదను: రోజన్నా దొంగ కాదు. ఆమె యే రహస్యమును దాచి, ఎవరికొఱకు దాచి, ఆ యిసుకలో దిగినదో పుస్తకమునందే చదువుకొనుడు. సార్జెంటు కఫ్ సంగతియు నించుక చెప్పవచ్చును. రంగును గుఱించి యాయన వేసిన లెక్క తుదివఱకు నిలిచినది. ఆ లెక్కను మనుష్యులకు అన్వయించుటలో మాత్రము గొప్పగా దప్పినాడు. తప్పితినని యాయనయే పిమ్మట ఒప్పుకొనును. గంటలను లెక్కించుట యొక విద్య, మనుష్యులను లెక్కించుట మఱియొక విద్య యని నాకు దోచుచున్నది. మొదటిది యొక్కడే కూర్చుండి చేయవచ్చును.

ఈ కఫ్ కేవలకల్పితుడు గాడు. లండను పోలీసువారు డిటెక్టివు శాఖను 1842లో నెలకొల్పిరి. ఆ శాఖయందు పేరుపొందిన విచర్ అను నధికారి, 1860లో రోడ్ అను గ్రామమునందలి గొప్ప యింట జరిగిన శిశుహత్యను విచారింప బోయెను. స్థానిక పోలీసులు మొదట దాదిని అనుమానించియుండిరి. విచర్ మాత్రము, ఇంటిలో నొక రాత్రి యుడుపు లెక్కకు దక్కువగా నున్నదని గ్రహించి, ఆ యింటి పెద్దమనుష్యుని కుమార్తెయైన పదునాఱేండ్ల కాన్‌స్టెన్స్ కెంట్‌ను నిర్బంధించెను. గౌరవ కుటుంబమునందలి కన్యను సామాన్యుడైన పోలీసువాడు దూషించుటయా యని దేశమంతయు మండిపడెను. ఆమెను విడిచిరి, విచర్ ప్రతిష్ఠ చెడెను. 1865లో ఆమెయే వచ్చి నేర మొప్పుకొనెను. కాలిన్స్ తన నవలలో వస్త్రపుమరకను, చాకలిపద్దును వాడుకొనుటకు మూలమీ కథయే. ఇచట మొదట వేలెత్తి చూపబడినది పనికత్తె. ఎవరును వేలెత్తజాలనిది పెద్దింటి పిల్ల. నవలనుమించి నిజము చెప్పిన పాఠము గనుక, దీనిని గూడ విద్యార్థుల యెదుట నుంచితిని. కొందఱు తలిదండ్రులకు శిశుహత్య మాట రుచింపలేదు. వారి యభ్యంతర మన్యాయమని నేననను.

తరువాతి కాలమున నీ జాతి గ్రంథములకు నియమములు గూడ నేర్పడెను. రొనాల్డ్ నాక్స్ అను ఆంగ్లేయ మతగురువు, తానును అపరాధ పరిశోధన నవలలు వ్రాసినవాడు, 1929లో పది నియమములు ప్రకటించెను. పరిశోధకునికి దొరకిన యాధారము పాఠకునికి దాచరాదనునది యందొకటి. కథలో చీనావాడుండరాదనునది మఱియొకటి. ఇది విని మా వారు కోపపడిరి. అది చీనావారిమీది ద్వేషమువలన గాదు. నాటి చౌకబారు రచయితలు దుష్టు డవసరమైనప్పుడెల్ల నొక చీనావానిని దెచ్చి నిలుపుచుండిరి గనుక, ఆ సులభమార్గమును మూయుటకే యని వివరించినమీదట శాంతించిరి. 1930లో లండనున డిటెక్షన్ క్లబ్బు ఏర్పడి, చెస్టర్టన్ మొదటి యధ్యక్షుడయ్యెను. అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్ అందు సభ్యులు. చేరువారు, పాఠకుని మోసగింపక న్యాయముగా కథ నడపెదమని హాస్యముతో గూడిన యొక ప్రమాణము చేయవలెను.

ఇక నొక యాక్షేపణకు బదులు చెప్పి ముగించెదను. మిషను పాఠశాలలో నీ పుస్తకము తగునా యని యొక పెద్దమనిషి నన్నడిగెను. రెండవ భాగమున కథ చెప్పు మిస్ క్లాక్ అను బంధువురాలు, సోఫా దిండ్ల క్రిందను, పూలకుండీల యందును, స్నానపు గదియందును నీతికరపత్రములను దాచుచు పోవు భక్తురాలు; గ్రంథకర్త యామెను చూచి నవ్వినాడు. నేను దాచక యా భాగమును మా అధ్యాపకులకు బిగ్గఱగా చదివి వినిపించితిని. అందఱికంటె నెక్కువగా నవ్వినది మాలో నందఱికంటె నెక్కువ కరపత్రములు పంచు వృద్ధురాలే. ఆమె భక్తిని గ్రంథకర్త నవ్వలేదనియు, తాను మెచ్చినవారియందు తప్పే కనబడని ఆమె చూపును నవ్వినాడనియు ఆ పెద్దమ్మగారే మాకు విప్పి చెప్పిరి. అది నాకు తోచని మాట.

రాబోవు సంవత్సరము, వేసవి సెలవులు ముగిసిన తరువాతి మొదటి గురువారము మా పఠనము తిరిగి మొదలగును. కోనన్ డాయల్ వ్రాసిన 'బాస్కర్‌విల్ వేటకుక్క' యెన్నుకొన్నాము. అది 1901 ఆగస్టు మొదలు 1902 ఏప్రిలు వఱకు 'స్ట్రాండ్' మాసపత్రికలో తొమ్మిది నెలలు వెలువడినది. మేము తొమ్మిది వారములలో ముగింతుము. నిలువుగీత గీసిన నోటుపుస్తక మొకటి ఎవరికి వారు తెచ్చుకొనవలెను. తలిదండ్రులును రావచ్చును. ఆ పుస్తకమును ముందే చదివినవారు వెనుక బల్లమీద గూర్చుండి, చీటీలు వేయునప్పుడు మాత్రము నోరు మెదపక, తాము మొదటిసారి తప్పుగా ననుకొన్న పేరునే నిజాయితీగా వ్రాయవలెను.